సెరామిక్ సెపరేటర్ సెల్స్‌కి ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

ఒంగోల్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ మార్పించబోతే షాపాయన సెరామిక్ సెపరేటర్ సెల్స్ అని రేటు పెంచి చెప్తున్నాడు, అవి నిజంగా కాలకుండా ఉంటాయా అని అడిగారు. పెట్టొచ్చన్నా, కానీ అది దేన్ని ఆపుతుందో దేన్ని ఆపలేదో తెలుసుకుని పెట్టండి. నాది కందుకూరు. కొన్నేళ్లు సెపరేటర్ కోటింగ్ లైన్లో క్వాలిటీ చూశాను, ఇప్పుడు బ్యాటరీ ప్యాకుల రిపేరు చేస్తున్నా.

సెల్ లోపల ప్లస్ రేకు, మైనస్ రేకు తగలకుండా మధ్యలో ఉండే సన్నని ప్లాస్టిక్ పొరే సెపరేటర్. ఎక్కువగా పాలిథిలీన్, మందం పది, ఇరవై మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని సన్నటి రంధ్రాల్లోంచి లిథియం అయాన్లు అటూ ఇటూ తిరుగుతాయి. సుమారు 130 డిగ్రీల దగ్గర ఆ ప్లాస్టిక్ మెత్తబడి రంధ్రాలు మూసుకుపోతాయి, కరెంటు ఆగుతుంది, అంతవరకూ మంచిదే. వేడి అక్కడితో ఆగకపోతేనే చిక్కు, పొర ముడుచుకుని అంచుల దగ్గర రెండు రేకులూ కలిసిపోతాయి, ఇక మంటే.

లైన్లో మేం అరచేయంత ముక్కలు రెండు, ఒకటి ఉత్త ఫిల్మ్, ఒకటి సెరామిక్ కోటింగ్ వేసింది, 150 డిగ్రీల ఓవెన్లో అరగంట పెట్టేవాళ్ళం. ఉత్తది గాజులా మారి చుట్టుకుపోయి వేలెడంత మిగిలేది. కోటింగ్ ముక్క అంచులు దాదాపు అలాగే ఉండేవి. ఆ తేడా కళ్లారా చూశాను కాబట్టే పెట్టమంటున్నా.

ఆ కోటింగ్ రెండు, నాలుగు మైక్రాన్ల పొడి పూత. అల్యూమినా గానీ బోమైట్ గానీ వాడతారు, రెండూ అల్యూమినియం ఖనిజాల పొడులే. అల్యూమినా 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కానీ సానరాళ్లలో వాడేంత గట్టిది, ఫిల్మ్ కోసే బ్లేడ్లు త్వరగా అరిగిపోతాయి. బోమైట్ మెత్తన, పైగా తేలిక, అందుకే చాలామంది దానికి మారారు. నా దృష్టిలో పొడి పేరు కన్నా దాని శుభ్రత ముఖ్యం. ఒక్క పెద్ద గింజ ఉన్నా పూత మీద గీత పడుతుంది, ఇనుప రజను కలిస్తే సెల్ లోపలే షార్ట్ అవ్వొచ్చు, అందుకే పొడినీ, పూత వేయడానికి అది కలిపిన ద్రావణాన్నీ అయస్కాంతాల మీదుగా పంపిస్తారు. పూత మీద టేప్ అంటించి లాగితే తెల్లగా ఊడొస్తే ఆ రోల్ పక్కన పెట్టాల్సిందే.

ఇక ఇది ఆపలేనివి. పాడైన బీఎంఎస్ (సెల్స్ ఛార్జింగ్‌నీ వేడినీ కనిపెట్టే సర్క్యూట్ బోర్డు), సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ సరిగా అతక్కపోవడం, ప్యాక్‌లోకి దూరిన నీళ్లు, సరిపడని ఛార్జర్, వీటికి సెరామిక్ ఏం చేస్తుంది? మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండ పడుతుంటుంది, బండి ఎండలోంచి తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, నీడలో కాసేపు చల్లారనివ్వండి. కొత్తపట్నం వైపు ఉంటే ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, అప్పుడప్పుడూ విప్పి చూపించండి.

పైనుంచి చూసి సెపరేటర్ ఏదో ఎవరూ చెప్పలేరు. సెల్ కంపెనీ, మోడల్ నంబర్, డేటాషీట్ అడగండి. 2022లో ఎలక్ట్రిక్ బళ్లు తగలబడ్డాక వాటి బ్యాటరీ భద్రతకి ఉన్న ఏఐఎస్ 156 నియమాలు కఠినం చేశారు, ప్యాక్‌కి ఆ సర్టిఫికెట్ ఉందో లేదో చూపించమనండి. నోటిమాటే తప్ప కాగితం లేదంటే ఆ రేటు ఇవ్వొద్దు. సెల్ మీద నంబర్ ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తా.