నీళ్ల ట్యూబులో పై గీత వస్తుంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

క్షయ క్రిమి డీఎన్‌ఏని క్రిస్పర్‌తో పట్టే మన స్ట్రిప్ పరీక్షలో, నమూనా వెయ్యకుండా ఉత్త నీళ్లతో చేసినా పై గీత, అంటే పాజిటివ్ గీత, వస్తోందని రాశావు. కంగారుపడి కొత్త గైడ్ ఆర్‌ఎన్‌ఏకి (క్యాస్12ఏ అనే కత్తెర ఎంజైమ్‌కు లక్ష్యం చూపే ముక్క) ఆర్డర్ పెట్టకు. ముందు మూడు స్ట్రిప్పులు ఖర్చుపెట్టి తప్పు ఎక్కడుందో తేల్చుకో.

మొదటిదాంట్లో బఫర్, రిపోర్టర్ మాత్రమే. రిపోర్టర్ అంటే స్ట్రిప్‌లోని బంగారు కణాలను కింది గీతకు కట్టి ఉంచే ఒంటిపోగు డీఎన్‌ఏ ముక్క, అది తెగితే కణాలు పై గీతకు పోతాయి. ఇక్కడే పై గీత వస్తే రిపోర్టర్ చాలలేదన్నమాట. రిపోర్టర్ దొరక్క మిగిలిన బంగారు కణాలు కింది స్ట్రెప్టావిడిన్ గీత దాటిపోతున్నాయి. రిపోర్టర్ 100, 200, 500, 1000 నానోమోలార్ (గాఢత కొలత) వేసి చూసి, పై గీత పోయే మోతాదు ఖాయం చేసుకో. మరీ పెంచితే స్ట్రెప్టావిడిన్ నిండిపోయి గీత మళ్లీ వస్తుంది. 5 నిమిషాలకే చదువు, ఆరిన స్ట్రిప్పును నమ్మకు.

రెండోదానికి 50 నానోమోలార్ క్యాస్12ఏ, 62.5 నానోమోలార్ గైడ్ 37 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి రిపోర్టర్ కలుపు. గీత వస్తే ఎంజైమ్‌లోనో నీళ్లలోనో రిపోర్టర్‌ను తెంపే న్యూక్లియేజ్ ఉంది.

మూడోదీ అలాగే చేసి, దానికి నీళ్లతో చేసిన ఆర్‌పీఏ (డీఎన్‌ఏకి కాపీలు పెంచే చర్య) 2 మైక్రోలీటర్లు చేర్చు. గీత ఇక్కడే మొదలైతే, నా అనుమానం పాత ఆంప్లికాన్ మీదే, అంటే వెనకటి పరీక్షల్లో పెరిగి గదిలో మిగిలిన డీఎన్‌ఏ కాపీల మీదే. క్యాస్12ఏ లక్ష్యం దొరికాక ఎదురైన ఒంటిపోగు డీఎన్‌ఏనంతా కత్తిరిస్తుంది. 2018లో తెలిసిన ఈ గుణమే మన పరీక్షకు ప్రాణం, కాలుష్యాన్ని పెద్దది చేసి చూపేదీ అదే. ఆర్‌పీఏ ట్యూబు మూత తీసే గది వేరుగా ఉండాలి, పిపెట్లూ వేరే. బల్ల 10 శాతం బ్లీచ్‌తో తుడిచి, ఆపైన నీళ్లతో తుడువు. బ్లీచ్ ఏ రోజుకారోజు కలుపుకో, నిన్నటిది నమ్మకు.

గది శుభ్రంగా ఉన్నా గీత పోకపోతే ప్రైమర్లు (ఆర్‌పీఏ కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) చూడు. క్షయ క్రిమి జీనోమ్‌లో జీ, సీ అక్షరాలే 65 శాతం, అందుకని టీటీటీవీ పామ్ (లక్ష్యం పక్కన క్యాస్12ఏకి కావలసిన గుర్తు) దొరకడం కష్టం. ప్రైమర్‌లో పామ్ చేర్చుకోవచ్చు, కానీ గైడ్ పట్టుకునే 20 అక్షరాలు ప్రైమర్ బయటే ఉండాలి. లోపల ఉంటే ప్రైమర్ డైమర్లే (ఒకదానికొకటి అతుక్కున్న ప్రైమర్లే) పాజిటివ్ చూపిస్తాయి. లక్ష్యంగా క్షయ క్రిమి డీఎన్‌ఏలోని ఐఎస్6110 అనే వరుస ఒక్కదాన్నే నమ్ముకోకు. దక్షిణ భారత నమూనాల్లో అది ఒకే కాపీ ఉన్నవీ, అసలు లేనివీ ఉన్నాయి. అలాంటిదే మరో వరుస ఐఎస్1081కి కూడా గైడ్ పెట్టుకో.

ఇంకొకటి. మే నెల హైదరాబాద్‌లో ఏసీ ఆగితే ఆర్‌పీఏ బల్ల మీదే మొదలైపోతుంది. ఆ చర్యను మొదలుపెట్టే మెగ్నీషియం అసిటేట్ చుక్కలు మూతల్లో పెట్టి, అన్ని ట్యూబులూ ఒకేసారి స్పిన్ చెయ్యి. వానాకాలంలో స్ట్రిప్ డబ్బాలో సిలికా పొట్లం తియ్యకు.

మూడు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న