మార్ అంటే మార్చి కాదు

“మేమిద్దరం, ఏడేళ్ల పాప. మే నెలలో మాంట్రియల్ వస్తున్నాం. ఆయన ఉద్యోగం పూర్తిగా ఇంగ్లీషులోనే. ఫ్రెంచి రాకపోతే అక్కడ బతకలేమా?” అని మీరు అడిగారు.

బతకవచ్చు. నేను మొదటి నాలుగేళ్లు అలాగే బతికాను. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, పార్క్ ఎక్స్‌టెన్షన్ అనే పేట కొట్లలో కరివేపాకు బేరం హిందీలో. ఏ లోటూ తెలియలేదు. ఇప్పుడు తలచుకుంటే మాత్రం ఆ నాలుగేళ్లూ సత్రంలో దిగినవాడిలా ఉన్నాననిపిస్తుంది. ఈ ఊరు తన సంగతులన్నీ స్తంభాల మీదా గోడల మీదా ఫ్రెంచిలో చెబుతూనే ఉంటుంది. చదవడం రానివాడికి అవి జరిమానా చీటీల రూపంలో అందుతాయి.

నాకు అందిన మొదటి పాఠం చెబుతాను. మేం దిగిన వీధిలో స్తంభానికి ఒక బోర్డు ఉండేది. ఇంగ్లీషు పి అక్షరం మీద ఎర్ర అడ్డగీత, కింద గంటలు, ఆ కింద “మార్”, దాని కింద ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 1 వరకు అని. “మార్” అంటే మార్చి అనుకున్నాను. మార్చి దాటిపోయింది కదా అని ధీమాగా కారు అక్కడే వదిలేశాను. మంగళవారం పొద్దున అద్దానికి చీటీ. పొరపాటు వాళ్లదేనని వారమంతా వాదిస్తూ తిరిగాను. మరుసటి మంగళవారం రెండో చీటీ. అప్పుడు పక్కింటి పెద్దావిడ నన్ను స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి చూపించింది. మార్ అంటే మార్‌ది, మంగళవారం. మార్చి నెలైతే చివర ఇంకో అక్షరం ఉంటుంది. ఆ గంటలో వీధి ఊడ్చే బండి వస్తుంది. లున్, మార్, మెర్ అంటూ వారాల పేర్లు విమానంలోనే కంఠస్థం చేసేయండి. ఉద్యోగానికి పనికి రాకపోయినా డబ్బు మిగులుస్తాయి.

చలికాలంలో ఇంకో రకం బోర్డులు పెడతారు, నారింజ రంగువి. మంచు బాగా పడ్డాక దాన్ని పక్కకు నెట్టి ఊరుకోరు, లారీలకెత్తి తీసుకుపోతారు. రోడ్లూ కాలిబాటలూ కలిపి దాదాపు 10,000 కిలోమీటర్లు. ఏ వైపు ఏ గంటల మధ్య కారు పెట్టకూడదో ఆ బోర్డు మీద ఉంటుంది. బళ్లు వచ్చే ముందు వీధిలో రెండు శ్రుతుల సైరన్ మోగుతుంది. నేను మొదటి ఏడాది ఆ సైరన్ విని, ఎక్కడో అగ్నిప్రమాదం అనుకుని దుప్పటి ముసుగు తన్నాను. పొద్దున చూస్తే కారు లేదు. దొంగతనం జరిగిందని పోలీసులకు ఫోను చేశాను. అవతలి ఆవిడకు ఇలాంటి ఫోన్లు అలవాటే కాబోలు, “పక్క వీధుల్లో చూశారా?” అంది. నిజంగానే రెండు వీధుల అవతల ఉంది, అద్దం మీద చీటీతో సహా. దారికి అడ్డొచ్చిన కార్లను లాక్కెళ్లి దగ్గరలో ఖాళీ ఉన్నచోట వదిలేస్తారు. ఎక్కడ వదిలారో నగరం వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆ ఎత్తుకెళ్లిన మంచులో పెద్ద వాటా సాఁ మిషెల్ పేటలో ఉన్న ఫ్రాంకోన్ అనే పాత రాతి క్వారీలో పోస్తారు. ఎండాకాలం మధ్యలో వెళ్లినా అక్కడ నల్లగా మట్టి పట్టిన మంచుకొండ కనిపిస్తుంది. పిల్లలకు చూపించదగ్గ వింత.

ఇంతకీ ఈ బోర్డులూ బళ్లూ ఎవరి చేతిలో ఉంటాయన్నది మీరు అడగలేదు గానీ, అడగవలసింది అదే. నగరం 19 అరోందిస్‌మాఁలుగా, అంటే పాలనా విభాగాలుగా ఉంటుంది. మన హైదరాబాదులో సర్కిల్ ఆఫీసులాంటిది అనుకోకండి. అది అధికారులది. ఇక్కడ ప్రతి అరోందిస్‌మాఁకూ ఎన్నికైన మండలి ఉంటుంది, మేయరు ఉంటారు. నగర మధ్యంలోని విల్ మరీకి మాత్రం వేరే మేయరు ఉండరు, నగర మేయరే దానికీ మేయరు. పార్కు, వీధి లైబ్రరీ, ఇంటి మార్పులకు అనుమతి, మీ వీధిలో వేగ పరిమితి, ఇలాంటివన్నీ వీళ్ల దగ్గరే తేలుతాయి. ఏ సమస్యకైనా 311కు ఫోను చేస్తే సరైన చోటికి పంపుతారు.

పైగా మాంట్రియల్ ఉన్న ద్వీపం మీదే వేరే ఊళ్లు కూడా ఉన్నాయి. 2002లో ద్వీపమంతా కలిపి ఒకే నగరం చేశారు. జనానికి నచ్చలేదు. ఓట్లు వేసుకుని 2006లో 15 పురపాలికలు మళ్లీ విడిపోయాయి. అందుకే రోడ్డు దాటితే పన్ను వేరు, మేయరు వేరు. మనవాళ్లు ఎక్కువగా తిరిగే పార్క్ ఎక్స్‌టెన్షన్‌కూ, దాని పక్కనే ఉన్న సంపన్నుల ఊరు టౌన్ ఆఫ్ మౌంట్ రాయల్‌కూ మధ్య అకాదీ రోడ్డు వెంట 1960లో ఇనుప కంచె వేశారు. ముందు పొదలు పెంచడంతో చాలామంది దాన్ని గమనించేవారు కాదు. ఇల్లు వెతకడానికి వెళ్లినప్పుడు ఒకసారి ఆ పక్కగా నడిచి చూడండి. ఈ ఊరి గురించి ఏ ఏజెంటూ చెప్పని సంగతి కొంత అక్కడ తెలుస్తుంది.

ఇల్లంటే గుర్తొచ్చింది. ప్రకటనల్లో మూడున్నర, నాలుగున్నర అని చూసి కంగారు పడకండి. ఆ అర అంటే స్నానాలగది. వంటిల్లు, హాలు కూడా లెక్కలోకి వస్తాయి. మీ ముగ్గురికీ నాలుగున్నర సరిపోతుంది, అంటే రెండు పడకగదులు. అడ్వాన్సు ఇవ్వకండి. మొదటి నెల అద్దె తప్ప డిపాజిట్ అడగడం ఇక్కడ చట్టవిరుద్ధం. మనవాళ్లే కొందరు “ఏదో తెలిసినవాళ్లం కదా” అంటూ మూడు నెలలది తీసుకుంటారు. నిర్మొహమాటంగా కాదనండి. ఒప్పందం ప్రభుత్వం ఇచ్చిన ఫారం మీదే రాయాలి. అందులో గడిచిన ఏడాదిలో ఆ ఇంటికి తీసుకున్న అతి తక్కువ అద్దె ఎంతో రాసే గడి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే అడిగి రాయించండి. చాలా ఒప్పందాలు జూన్ 30తో ముగుస్తాయి. జులై 1న ఊరు ఊరంతా ఇల్లు మారుతుంది. సోఫాలు, మంచాలు, అద్దాల బీరువాలు కాలిబాట మీద వదిలేసి వెళ్తారు. మా భోజనాల బల్ల అలా వచ్చిందే. పరుపులు మాత్రం ముట్టుకోకండి, నల్లులుంటాయి.

పాప చదువు విషయం. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో, 1977 నాటి 101వ చట్టం ప్రకారం వలస వచ్చినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడికే వెళ్లాలి. తాత్కాలిక పర్మిట్ మీద వచ్చినవారికి కొంతకాలం మినహాయింపు ఉంది. ఉన్నా వాడుకోవద్దంటాను. కొత్త పిల్లలకు ముందు ఫ్రెంచి నేర్పే ప్రత్యేక తరగతి ఉంటుంది. ఏడేళ్ల పిల్లకు ఏడాది చాలు. ఆ తర్వాత మీకు వచ్చే ఉత్తరాలు తనే చదివి చెబుతుంది. పెద్దలకు ప్రభుత్వ తరగతులు ఉచితం, ఫ్రాన్సిజాసియోఁ క్యుబెక్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా పేరు నమోదు చేసుకోవాలి. 2024లో నిధులు చాలక చాలాచోట్ల తరగతులు ఆగిపోయాయి, అందుకని దిగిన వారంలోనే నమోదు చేయండి. 2022 నాటి చట్టం వచ్చాక, ఆరు నెలలు గడిస్తే ప్రభుత్వ కార్యాలయాలు మీతో ఫ్రెంచిలోనే వ్యవహరిస్తాయి. వైద్యంలాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి.

ఇంత పట్టుదల ఏమిటని విసుక్కునే ముందు ఒక్క మాట. బొబ్బిలి కోట మీదికి 1757లో ఫిరంగులు తోలుకొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ మనకు తెలిసినవాడే. ఆ మరుసటి ఏడాది చివర చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇక్కడ క్యుబెక్ నగరపు కోట ముందు ఓడారు, ఏడాది తిరిగేసరికి మాంట్రియల్ లొంగిపోయింది. అదీ ఇదీ ఒకే యుద్ధం. మన తీరంలో వాళ్లకు 1954 దాకా యానాం మిగిలింది. ఇక్కడివాళ్లకు చుట్టూ ఇంగ్లీషు సముద్రం, మధ్యలో ఈ భాష మిగిలింది. కారు నంబరు పలక మీద 1978 నుంచి “నాకు గుర్తుంది” అని ఫ్రెంచిలో రాసుకుంటారు. ఫ్రాన్సులో కూడా స్టాప్ అని ఉండే ఎర్ర పలక మీద ఇక్కడ “అరె” అని ఉంటుంది. దుకాణంలో “బోంజూర్, హాయ్” అని రెండు భాషల్లో పలకరించవద్దని 2017లో క్యుబెక్ శాసనసభే ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. నాకది అతి అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా మీరు ముందు బోంజూర్ అనండి. తర్వాత ఇంగ్లీషులోకి దిగినా ఎదుటి మొహం మారదు.

ఫారాలు నింపేటప్పుడు ఒక జాగ్రత్త. “నోమ్” అని ఉన్నచోట పేరు రాసేస్తారు మనవాళ్లు. నోమ్ అంటే ఇక్కడ ఇంటిపేరు, “ప్రెనోమ్” అంటే పేరు. మనలాగే ఇంటిపేరు ముందు! రెండూ తారుమారైతే ఆరోగ్య కార్డు దగ్గర మొదలై బ్యాంకు దాకా తిప్పలే. ఆ కార్డు చేతికి రావడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు, అందాకా బీమా కొనుక్కోండి.

ఓటు పౌరసత్వం వచ్చాకే. ఓటు లేనంత మాత్రాన నోరు లేనట్టు కాదు. 15 ఏళ్లు నిండిన నివాసులు 15,000 సంతకాలు పోగుచేస్తే నగరం ఒక విషయం మీద బహిరంగంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అంత దూరం అక్కర్లేదనుకుంటే, అరోందిస్‌మాఁ మండలి సమావేశాల్లో ఎవరైనా లేచి అడగడానికి ప్రశ్నల సమయం కేటాయిస్తారు.

నేను ఇక్కడికి వచ్చిన అయిదో ఏట అలాంటి సమావేశానికి వెళ్లాను. మా వీధిలో బడి ఉంది, కార్లు దూసుకుపోతున్నాయి, స్పీడ్ బ్రేకర్ కావాలి. దాన్ని ఫ్రెంచిలో ఏమంటారో తెలియక, మంగళవారం నేర్పిన ఆ పెద్దావిడనే అడిగాను. “దో దాన్” అంది. అంటే గాడిద వీపు. ఎగతాళి చేస్తోందనుకున్నాను. నిజంగానే అదే మాట. కాగితం మీద తెలుగు లిపిలో నాలుగు వాక్యాలు రాసుకుని, మైకు ముందు వణుకుతూ చదివాను. మేయరు ఆపకుండా విన్నారు, తలాడించారు, లెక్క కట్టి చూస్తామన్నారు. పెద్దావిడ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది, ఒక్కతే.

రెండో వేసవిలో వేశారు. ఇప్పటికీ కారు దాని మీద ఎగిరినప్పుడల్లా మా ఆవిడ, “ఇదిగో, మీ గాడిద” అంటుంది.