యాభై దాటాక ఉదయం లేవగానే తేలికగా ఒళ్ళు సాగదీయడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

ఉంటుందనే నా అనుభవం. అయితే రోజూ ఉదయం చేసే ఆ పది నిమిషాల సాగదీత వల్ల ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు అనేది విడదీసి చెప్పకపోతే నెల తిరగకుండానే నిరాశపడి మానేస్తారేమోనని నా భయం.

నేను చెన్నైలో, పెరంబూరులో ఇరవై ఏళ్ళకు పైగా ఉంటున్నాను. కూర్చొని లెక్కలు చూసే ఉద్యోగం. కొన్నేళ్ళ క్రితం మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమ కింద మేకు గుచ్చినట్టు నొప్పి వచ్చేది. స్నానాల గది దాకా గోడ పట్టుకొని వెళ్ళేవాణ్ణి. పది ఇరవై అడుగులు వేసేసరికి సర్దుకునేది కాబట్టి ఆరు నెలలు పట్టించుకోలేదు. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళితే, నెల్లూరు వైపు ఆవిడ, కారణం అర్థమయ్యేలా చెప్పారు. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ప్లాంటార్ ఫేషియా అనే మందపాటి పట్టీ ఉంటుందట. నిద్రలో పాదం కిందికి వాలిపోయి ఉండడం వల్ల ఆ పట్టీ, దానితో పాటు పిక్క కండరం రాత్రంతా కుదించుకొని ఉంటాయని, లేస్తూనే ఒంటి బరువంతా దాని మీద మోపితే దెబ్బతిన్న చోటే మళ్ళీ లాగుతుందని వివరించి, "కాలు కింద పెట్టక ముందే దాన్ని నిద్ర లేపండి సార్" అన్నారు.

ఆనాటి నుంచి తలగడ పక్కన ఒక నూలు తువ్వాలు ఉంచుకుంటున్నాను. మంచం మీదే కూర్చొని కాలు చాచి, వేళ్ళ మొదళ్ళ కిందుగా తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకొని మోకాలు వంగకుండా మెల్లగా నా వైపు లాగి ముప్పై సెకన్లు ఆగుతాను. ఒక్కో కాలికి మూడుసార్లు. ఆ తర్వాత బొటనవేలిని చేత్తో వెనక్కి వంచితే అరికాలి మధ్యలో తాడులా బిగిసిన భాగం తగులుతుంది, దాన్ని కాసేపు రుద్దుతాను. నాకు ఆరు వారాలకు గోడ పట్టుకోవలసిన అవసరం తప్పింది. నొప్పి పూర్తిగా పోవడానికి మాత్రం నాలుగు నెలలకు పైనే పట్టింది.

నడుము సంగతి వేరు, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. అందుకే మనిషి సాయంత్రం కన్నా ఉదయం సుమారు ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంటాడు, ఆ పొడుగులో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఆ గంటలోపు నడుమును బాగా ముందుకు వంచితే ఉబ్బి ఉన్న డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది కాబట్టి, లేవగానే వంగి కాలివేళ్ళు అందుకునే ప్రయత్నం మంచిది కాదు. మా ఆవిడ ఐదున్నరకే లేచి వాకిలి ఊడ్చి, నడుము వంచి ముగ్గు వేసేది. నెలలో నాలుగు రోజులైనా నడుము పట్టేసేది. ఇప్పుడు ముందుగా వెల్లకిలా పడుకొని రెండు మోకాళ్ళూ మడిచి అటూ ఇటూ నెమ్మదిగా వాల్చి, లేచి భుజాలు, పిక్కలు సాగదీసి, కాఫీ తాగాకే ముగ్గు గిన్నె పట్టుకుంటోంది. ముగ్గు ఎందుకు ఆలస్యమవుతోందని అడిగిన ఎదురింటావిడ కూడా ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

మొదటి కొన్ని వారాల్లో ఒళ్ళు బాగా వంగుతోందనిపిస్తే కండరం పొడవు పెరిగిందని అనుకోకండి. ఆ లాగుడును ఓర్చుకోవడం నాడీ వ్యవస్థకు అలవాటవడమే అందులో ఎక్కువ భాగం. కాబట్టి బలవంతం వల్ల లాభం లేదు. బిగువు తెలియాలి, నొప్పి రాకూడదు. ఊపుతూ లాగకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. ఇదే చెన్నైలో యోగ గురువు దేశికాచార్ గారు 1976లో, తనకు యోగ నేర్పిన తండ్రి కృష్ణమాచార్య పేరిట స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం పద్ధతిలో ఆసనాన్ని మనిషికి తగినట్టు మారుస్తారు, మనిషిని ఆసనం కోసం వంచరు. మోకాళ్ళు సహకరించనివారు కుర్చీలో కూర్చొని చేసినా తక్కువేమీ కాదు. బరువు తగ్గడానికి, గుండె దారుఢ్యానికి మాత్రం ఇది చాలదు. వాటికి నడక కావలసిందే.

ఒక్క జాగ్రత్త. లేచాక గంట దాటినా కీళ్ళ బిగువు వదలకపోయినా, వేళ్ళ కణుపులు వాచినా, నడుము నుంచి కాలిలోకి తిమ్మిరి దిగినా ముందు డాక్టరుకు చూపించండి. కీళ్ళవాతం బిగువుకు నా తువ్వాలు వైద్యం పనిచేయదు.