గండికోట మీద వ్యాసం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలేజీ పత్రికకు గండికోట మీద రెండు పేజీలు రాయాలి, మొదటి వాక్యమే రావట్లేదు అన్నారు. దాన్ని వదిలేయండి, చివర్లో రాసుకోవచ్చు. ముందు చిత్తు కాగితం మీద తోచినవన్నీ గీకేయండి: పెన్న లోయ, ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయ ఆలయం, జమ్మలమడుగులో బస్సు కోసం నిలబడ్డ గంట. అన్నీ రాస్తే టూరిజం కరపత్రం అవుతుంది, ఒక్కటే పట్టుకోండి.

నేనైతే ధాన్యాగారం పట్టుకుంటా. శత్రువు ముట్టడిస్తే లోపలివాళ్లు ఏం తినేవాళ్లు, ఏ నీళ్లు తాగేవాళ్లు? ఆ ప్రశ్న వెంట వెళ్తే మందపాటి గోడలు, కత్తుల కోనేరు, కింద లోయ వరసగా వచ్చేస్తాయి. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల చరిత్ర ఒక్క పేరా చాలు. ‘పూర్వకాలంలో రాయలసీమలో’ అని మాత్రం ఎత్తుకోకండి, దిద్దే సారుకు అక్కడే ఆవులింత వస్తుంది (నాకు వచ్చేది). ఈ రాత్రే ఫోన్ పక్కన పడేసి, పదిహేను నిమిషాలు కొట్టివేతలు లేకుండా రాయండి.