హీట్‌సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తే?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. కొన్నేళ్ల క్రితం ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని సొంతంగా బిగించుకున్న డెస్క్‌టాప్‌లో ఫ్యాన్ మోత ఎక్కువైంది. దుమ్ము తుడుద్దామని, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ నాలుగు స్క్రూలూ విప్పి గట్టిగా పైకి లాగితే, రైజెన్ 5 3600 ప్రాసెసర్ దాని అడుగున అతుక్కుని ఊడి వచ్చింది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కనున్న లివర్ మాత్రం వేసినట్లే ఉంది. మదర్‌బోర్డు పాడైనట్లేనా? ప్రాసెసర్‌ను మళ్లీ ఎలా పెట్టాలి?

జవాబు: కంగారు పడకండి. ఏఎం4 సాకెట్ వాడేవారికి ఇది తరచూ ఎదురయ్యే చిక్కే. ఈ రకం ప్రాసెసర్‌కు అడుగున 1331 సన్నని పిన్నులు ఉంటాయి. లివర్ వేసినప్పుడు సాకెట్ ఆ పిన్నులను పక్కల నుంచి అదిమి పట్టుకుంటుందే తప్ప, ప్రాసెసర్‌ను పైనుంచి నొక్కి ఉంచే చట్రం ఏదీ ఉండదు. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే పూత) పట్టు ఆ అదుముకన్నా బలంగా ఉంటే, లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడి వచ్చేస్తుంది. ఇలాంటప్పుడు సాకెట్‌కు సాధారణంగా ఏమీ కాదు, చూసుకోవలసింది పిన్నులనే.

ముందుగా హీట్‌సింక్‌ను తలకిందులుగా, పిన్నులు పైకి ఉండేలా బల్లమీద పెట్టండి. పిన్నులకు వేలు తగలనివ్వవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో హీట్‌సింక్ రేకులకు కొద్దిసేపు వెచ్చటి గాలి తగిలించి, ప్రాసెసర్ అంచులను మాత్రమే పట్టుకుని కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పండి. ఒకదానిలో ఒకటి బిగుసుకున్న స్టీలు గ్లాసులను లాగకుండా తిప్పి విడదీసినట్లే ఇదీ. అప్పటికీ కదలకపోతే పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని రెంటి నడుమ పోనిచ్చి రంపంలా ఆడించవచ్చు. స్క్రూడ్రైవర్ మొన దూర్చి పైకి ఎత్తే ప్రయత్నం మాత్రం చేయవద్దు, ఎందుకంటే అది జారిందంటే మొదట తెగేవి పిన్నులే.

విడివడిన తరువాత ప్రాసెసర్‌ను దీపం ఎదుట ఏటవాలుగా పట్టుకుని, నాలుగు వైపుల నుంచీ పిన్నుల వరుసల వెంట చూపు సాగించండి. వంగిన పిన్ను ఉంటే ఆ వరుస అక్కడ చెదిరి కనిపిస్తుంది. పాత ఏటీఎం కార్డు అంచుతోనో, లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనతోనో దాన్ని కొద్దికొద్దిగా నిటారుగా చేయవచ్చు. ఒకే పిన్నును అటూ ఇటూ పదేపదే వంచితే విరిగిపోతుంది. ప్రాసెసర్‌ను తిరిగి పెట్టే ముందు లివర్‌ను పూర్తిగా పైకి ఎత్తడం తప్పనిసరి. లివర్ వేసి ఉండగానే నొక్కిపెట్టబోయి పిన్నులు పోగొట్టుకున్నవారే ఎక్కువ. ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణపు గుర్తుకు సరిచూసి వదిలితే తన బరువుకే దిగుతుంది. దిగకపోతే ఏదో పిన్ను ఇంకా వంగి ఉందని అర్థం.

ఇకముందు హీట్‌సింక్ తీయవలసి వస్తే, ముందుగా కంప్యూటర్‌లో ఏదైనా బరువైన గేమ్ పది పదిహేను నిమిషాలు నడిపించి పేస్ట్‌ను మెత్తబడనివ్వండి. ఆ తరువాత షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, ఫ్యాన్ వైరు ఊడదీసి, స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా వదులు చేయండి. స్క్రూలు పూర్తిగా వచ్చేశాక బోర్డు వెనుకనున్న లోహపు పలక జారిపోకుండా ఒక చేత్తో పట్టుకోవడం మరవవద్దు. హీట్‌సింక్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి, అది జారుతున్నట్లు చేతికి తెలిసిన తరువాతనే పైకి ఎత్తండి. అయినా దుమ్ము కోసమే అయితే అసలు హీట్‌సింక్ తీయనవసరమే లేదని నా అభిప్రాయం. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి, బ్లోయర్‌తో ఊదితే చాలు.

2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌లో ప్రాసెసర్‌ను లోహపు చట్రం నొక్కి ఉంచుతుంది కాబట్టి ఈ బెడద లేదు. పిన్నులు బోర్డు మీదికి మారాయి గనుక జాగ్రత్త పడవలసింది ఇప్పుడు బోర్డు గురించి!

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో పని చేస్తున్నాను. కొత్తగా ఇంటెల్ ఐ5 12400 కొని, ఇంట్లో ఉన్న పదో తరం కంప్యూటర్ కూలర్‌నే (ఫ్యాన్‌తో కూడిన హీట్‌సింక్) దానికి బిగించబోయాను. నాలుగు కాళ్లలో ఒకటి ఎంత నొక్కినా నిలవడం లేదు. అలాగే ఆన్ చేస్తే నిమిషాల్లో వేడి 100 డిగ్రీలకు చేరింది. ప్రాసెసర్ కాలిపోయి ఉంటుందా?

జవాబు: ప్రాసెసర్ బాగానే ఉండి ఉంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరుగుతూ పోతే కంప్యూటర్ ఆగిపోతుంది. తప్పు కూలర్ ఎంపికలో ఉంది. పదో తరం వాడే ఎల్‌జీఏ 1200 సాకెట్ బోర్డులో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, మీ ఎల్‌జీఏ 1700 బోర్డులో 78. ఆ మూడు మిల్లీమీటర్లను బలంతో సరిచేయబోతే బోర్డు వంగుతుంది. మీ ప్రాసెసర్‌ను సీలు వేసిన పెట్టెతో కొని ఉంటే తగిన కూలర్ అందులోనే ఉంటుంది. విడిగా కొన్నదైతే 1700 సాకెట్‌కు సరిపడే కూలర్ అని అడిగి తెచ్చుకోండి.

పెట్టెతో వచ్చే కూలర్‌ను బోర్డు క్యాబినెట్‌లోకి ఎక్కించక ముందే బిగించుకోవడం మేలు. ఎదురెదురు మూలల కాళ్లను ఒకేసారి టిక్కుమనేదాకా నొక్కి, ఆ తరువాత బోర్డును తిప్పి వెనుక వైపు చూడండి: ప్రతి రంధ్రంలోనూ తెల్లటి ప్లాస్టిక్ కొనలు రెండుగా విచ్చుకుని, వాటి నడుమ నల్లటి మేకు కనిపించాలి. ఊడదీయడానికి కాళ్ల తలలను వాటి మీది బాణపు గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి, మళ్లీ బిగించే ముందు ఆ తలలను మొదటి స్థానానికి తిప్పుకోవాలి. ఈ రెండో సంగతి తెలియకనే చాలామంది కాలు విరిగిందనుకుంటారు.

ప్రశ్న: పాత పేస్ట్ మీదే కొత్తది రాయవచ్చా? ఎంత రాయాలి? (కె.ఆర్. పురం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: రాయకూడదు. రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలి చేరకుండా నింపడమే పేస్ట్ పని. ఎండిన పొర మీద కొత్తది వేస్తే ఆ సందులు అలాగే మిగిలి, పొర మాత్రం మందమవుతుంది. పాతదాన్ని పూర్తిగా తుడిచి, ప్రాసెసర్ నడుమ కందిగింజంత వేస్తే కూలర్ బిగించినప్పటి ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. కొత్త కూలర్ అడుగున బూడిద రంగు పేస్ట్ ముందే రాసి ఉంటే వేరే వేయనక్కరలేదు. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే మాత్రం పీకేయండి. తుడవడానికి మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ వాడండి. చేతుల శానిటైజర్ వద్దు. అందులో గ్లిసరిన్ కలిసి ఉండవచ్చు, అది ఆరాక జిడ్డు పొరగా మిగిలిపోతుంది.