పట్టీలో చిన్న సెన్సర్, పక్కన బోర్డు: మధ్యలో ఉన్న పనికి ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మాయి ఈసీఈ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉంది. నాడిని కాంతితో పట్టే మాక్స్30102 సెన్సర్, దాని అంకెలు చదివే ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి చేతికి కట్టుకునే పల్స్ మీటర్ చేస్తోంది. టేబుల్ మీద వేలు ఆనిస్తే లెక్క సరిగ్గా వస్తోంది. పట్టీలో బిగించి మణికట్టుకు కట్టగానే పిచ్చి అంకెలు వస్తున్నాయి, ఒక్కోసారి సెన్సరే దొరకట్లేదంటోంది. అయినా ఇదే పనిలో స్థిరపడతానంటుంది. చుట్టాలేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. సెన్సర్లను బోర్డుకు కలపడం కూడా ఒక ఉద్యోగమేనా? ఈసెట్ రాయించాలా? రోజంతా సోల్డరింగ్ పొగలో కూర్చుంటే కళ్లు, ఊపిరితిత్తులు పాడవవా?

జవాబు: ఉద్యోగమేనండి. కాకపోతే పెద్ద ఫ్యాక్టరీలో సెన్సర్‌ని బోర్డు మీద పెట్టేది మనిషి చెయ్యి కాదు. స్టెన్సిల్ మీదుగా సోల్డర్ పేస్ట్ పూస్తారు, పిక్ అండ్ ప్లేస్ మెషిన్ పార్టును కూర్చోబెడుతుంది, రీఫ్లో ఓవెన్ కరిగిస్తుంది. మనిషికి జీతం ఇచ్చేది ఆ అతుకు ఎలా ఉండాలో ముందుగా గీసినందుకు, తర్వాత అది ఎక్కడ తప్పిందో పట్టుకున్నందుకు. మీ అమ్మాయికి ఇప్పుడు ఎదురైన రెండు ఇబ్బందులూ ఈ రెండో రకానికి చెందినవే. అందుకే చుట్టాలకు ఏదో ఒకటి చెప్పేముందు వాటిని తననే తేల్చనివ్వండి. కారణం దొరికేదాకా వదలకుండా కూర్చుంటే ఈ దారి తనకు సరిపోతుంది. విసుగొచ్చి పక్కన పడేస్తే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడంలో తప్పేమీ లేదు.

ముందు సెన్సర్ దొరకని సంగతి చూద్దాం. మాక్స్30102 చిప్ 5.6 మి.మీ. పొడవు, 3.3 మి.మీ. వెడల్పు. లోపలి సర్క్యూట్‌కి 1.8 వోల్టులు, ఎల్ఈడీలకు 3.3 వోల్టులు విడివిడిగా ఇవ్వాలి. 1.8 అడిగే పిన్నుకి తట్టుకునే హద్దు 2.2 వోల్టులే కాబట్టి, పొరపాటున 3.3 ఇస్తే చిప్ పోతుంది. అందుకే మాడ్యూల్ (చిప్ అతికించి అమ్మే చిన్న బోర్డు) మీద వోల్టేజి తగ్గించే చిన్న రెగ్యులేటర్ పెడతారు. చిక్కంతా ఎక్కడంటే, చవగ్గా దొరికే మాడ్యూళ్లు కొన్నిట్లో సెన్సర్, బోర్డు మాట్లాడుకునే డేటా, క్లాక్ లైన్ల పుల్-అప్ రెసిస్టర్లను (లైను ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజిని పైకి లాగి ఉంచేవి) కూడా ఆ 1.8 లైనుకే కలిపేశారు. 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ32కి లైను సుమారు 2.5 వోల్టులు దాటితేనే అది ఒకటి అని ఖాయంగా తెలుస్తుంది. 1.8 దగ్గర ఆగిపోయే లైనును ఒకసారి చదువుతుంది, ఇంకోసారి చదవదు. టేబుల్ మీద ఎలాగో నెట్టుకొచ్చినది పట్టీలోకి వెళ్లగానే మొండికెయ్యడానికి ఇదొక్కటి చాలు.

పరీక్ష చాలా సులువు. సెన్సర్‌తో ఏ సంభాషణా జరగనప్పుడు మల్టీమీటర్‌తో డేటా లైను మీద డీసీ వోల్టేజి చూడమనండి. 3.3 దరిదాపుల్లో ఉంటే సరే. 1.8 చూపిస్తే మాడ్యూల్ మీది ఆ 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఊడదీసి, బయట 3.3 లైనుకు అదే విలువవి రెండు పెట్టాలి. ఇంటరప్ట్ పిన్ను (డేటా సిద్ధమని చిప్ బోర్డుకు చెప్పేది) వాడుతుంటే దానికి మూడోది. తర్వాత ఐ2సి స్కానర్ (ఆ రెండు లైన్ల మీద ఏ చిప్‌లున్నాయో వెతికే చిన్న ప్రోగ్రాం) నడిపితే హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 57 అడ్రసు కనపడాలి. చిప్ గుర్తింపు సంఖ్య ఉండే ఎఫ్ఎఫ్ రిజిస్టర్ చదివితే హెక్స్‌లో 15 రావాలి. ఈ రెండూ పదికి పదిసార్లూ వస్తే చిప్ బాగుంది, కలిపిన తీరూ బాగుంది. వోల్టేజి తప్పును లైబ్రరీలు మార్చి దిద్దాలని వారాల తరబడి కూర్చునే పిల్లలు ఎంతమందో!

తీగల పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. ఐ2సి 400 కిలోహెర్ట్జ్ వేగంలో నడిస్తే లైను కింది నుంచి పైకి లేవడానికి గడువు 300 నానోసెకన్లు. 4.7 కిలోఓమ్‌లతో ఆ గడువు దాటకూడదంటే లైను మొత్తం కెపాసిటెన్స్ (తీగలు, పిన్నులు ఛార్జిని పట్టి ఉంచే గుణం) 75 పికోఫారడ్ల లోపే ఉండాలి. పొడవాటి జంపర్ తీగలు, వాటికి రెండు మూడు మాడ్యూళ్లు తగిలిస్తే అంత ఇట్టే అయిపోతుంది. రెసిస్టర్‌ని 2.2 కిలోఓమ్‌లకు మారిస్తే 160 పికోఫారడ్ల దాకా పనికొస్తుంది. వేగాన్ని 100 కిలోహెర్ట్జ్‌కి దించితే గడువే 1000 నానోసెకన్లు అవుతుంది. డిప్లొమా పిల్ల ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించిందంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ తర్వాత అడిగే ప్రశ్నల స్థాయే మారిపోతుంది.

మణికట్టు దగ్గర వచ్చే పిచ్చి అంకెలకు కారణం వేరు. ఈ చిప్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. వేలి కొనలో సన్న రక్తనాళాలు దట్టంగా ఉంటాయి కాబట్టి నాడితో పాటు మారే భాగం స్పష్టంగా కనపడుతుంది. మణికట్టు పైన ఆ భాగం చాలా చిన్నది. చెయ్యి కదిలినప్పుడు వచ్చే అలజడి దాన్ని మింగేస్తుంది. వాచీల్లో గుండె వేగానికి పచ్చ కాంతిని ఎక్కువగా వాడేది అందుకే. మాక్స్30102లో పచ్చ ఎల్ఈడీ లేదు, మాక్స్30101లో ఉంది. ఉన్న చిప్‌తోనే ముందుకెళ్లాలంటే మూడు చూడాలి. సెన్సర్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టిందేమో కనుక్కోండి. పెడితే ఎల్ఈడీ కాంతి చర్మం దాకా పోకుండా ఆ మూతలోనే పక్కకు పాకి రిసీవర్‌లో పడుతుంది, అంకె పెద్దగా ఉంటుంది కానీ అందులో నాడి ఉండదు. మూత తీసేసి, చిప్ చుట్టూ నల్ల ఫోమ్ అంచు కట్టాలి. పట్టీ వదులైతే సెన్సర్ జారుతుంది, బిగిస్తే రక్తం పక్కకు పోతుంది. చర్మానికి ఆనుకుని కదలకుండా ఉంటే చాలు. ఇక ఎల్ఈడీలు 50 మిల్లీఆంపియర్ల దాకా గుంజుకోగలవు. సన్నని పొడుగు తీగ చివర ప్రతి మెరుపుకీ వోల్టేజి కుంగుతుంది, ఆ కుంగుడు కూడా సిగ్నల్లో కలుస్తుంది. సెన్సర్ పక్కనే 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒక్కోటి పెడితే ఇది సర్దుకుంటుంది.

పట్టీలో మామూలు తీగలు ఎక్కువ కాలం నిలవవు. పోగుల తీగలోకి సోల్డర్ పాకి బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ఆగే చోట తీగ తెగుతుంది. ప్రాజెక్టు మట్టుకు అతుకు నుంచి 5 మి.మీ. వెనక్కి ఒక చుక్క గ్లూతో తీగను బోర్డుకు పట్టి ఉంచితే సరిపోతుంది. కంపెనీలైతే పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ పొర మీద చేసిన, వంగే ఫ్లెక్స్ బోర్డు వాడతాయి. ఈ రంగంలో మంచి జీతం ఉన్న పని ఎక్కువగా ఇక్కడే ఉంది, మీ అమ్మాయి చదవాల్సిందీ ఇక్కడే.

ఫ్లెక్స్‌లో రాగి దారులు వంపు గీతను నిట్టనిలువుగా దాటాలి. వంపులో వయా (పొరలను కలిపే రంధ్రం) పెట్టకూడదు, దారి వెడల్పు హఠాత్తుగా మారకూడదు. ఒకసారి మడిచి లోపల బిగించేసే ఫ్లెక్స్ అయితే వంపు వ్యాసార్ధం దాని మందానికి 10 రెట్లు, రోజూ వంగేదైతే 100 రెట్లు ఉండాలన్నది స్థూలమైన లెక్క. 0.1 మి.మీ. మందానికి 1 మి.మీ., 10 మి.మీ. అన్నమాట. రోజూ వంగేదానికి రోల్డ్ ఎనీల్డ్ (రోలర్లతో సాగదీసి, వేడితో మెత్తబరిచిన) రాగి కావాలని ఆర్డర్‌లోనే రాయాలి. వంపు దగ్గర రాగి మీద నికెల్-బంగారు పూత వద్దు. నికెల్ పెళుసు, అది చిట్లుతూ కింది రాగినీ చీలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా విరిగేది స్టిఫెనర్ (ఫ్లెక్స్ వెనక అతికించే గట్టి పలక) అంచు దగ్గర, గట్టి భాగం అయిపోయి మెత్తని భాగం మొదలయ్యే గీత మీద. వంపును ఆ గీతకు దూరంగా జరపాలి, పైపొర కవర్‌లే అంచు కూడా సరిగ్గా ఆ గీత మీదే ముగియకుండా చూడాలి.

కనెక్టర్ల దగ్గర ఇంకో పాత ఉచ్చు ఉంది. ఫ్లెక్స్ కేబుల్‌కి రెండు చివర్లా కాంటాక్టులు ఒకే వైపున్న రకం, ఎదురు వైపులున్న రకం అని రెండుంటాయి. ఒకదానికి గీసి ఇంకోటి తెప్పిస్తే ఒకటో పిన్ను చివరి పిన్ను అవుతుంది, పవర్ వెళ్లి గ్రౌండ్ మీద పడుతుంది. పవర్ ఇచ్చేముందు మల్టీమీటర్‌తో రెండు చివర్లా పిన్నులు సరిచూడటం అర నిమిషం పని. పిన్నుల మధ్య దూరం (పిచ్) 0.5 మి.మీ. ఉన్న కనెక్టర్లు చాలావాటికి లోపలికి దూరే చివర మందం 0.3 మి.మీ. ఉండాలి, స్టిఫెనర్ వెయ్యకపోతే పట్టు ఉండదు. పైగా వీటిని తీసి పెట్టడానికి హామీ ఇచ్చేది సాధారణంగా 10 నుంచి 30 సార్లే. ల్యాబ్‌లో రోజూ ఊడదీసి పెట్టే కనెక్టర్ నెల తిరక్కుండా వదులైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఫ్యాక్టరీ సంగతులు కొన్ని ముందే తెలిస్తే మంచిది. చాలా సెన్సర్లకు తేమ స్థాయి మూడు అని రాసుంటుంది. సీలు విప్పాక 168 గంటల్లోపు సోల్డర్ చెయ్యాలని దాని అర్థం. గడువు దాటినవాటిని బేక్ చెయ్యకుండా ఓవెన్‌లో పెడితే లోపలి తేమ ఆవిరై ప్యాకేజీ పగులుతుంది. పాలిఇమైడ్ కూడా తేమ పీలుస్తుంది, దాన్నీ ముందు ఆరబెట్టాల్సిందే. సీసం లేని మామూలు సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. వేడికి తట్టుకోని భాగాలుంటే 138 డిగ్రీల టిన్-బిస్మత్ వాడతారు, కానీ అది పెళుసు, కిందపడే వస్తువుకి అంత మంచిది కాదు. యాక్సిలరోమీటర్ లాంటి కదిలే సూక్ష్మభాగాలున్న సెన్సర్లను అల్ట్రాసోనిక్ బాత్‌లో కడిగితే లోపల విరిగిపోతాయి. ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతుక్కోవడానికి వాడే రసాయనం) కడక్కపోతే చెమటలోని ఉప్పు, తేమ, వోల్టేజి మూడూ కలిసి రెండు ప్యాడ్ల మధ్య లోహపు కొమ్మలు మొలిపిస్తాయి. అమ్మిన మూడు నెలలకు బ్యాటరీ ఊరికే దిగిపోతోందన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సినవాటిలో ఇదొకటి.

రాబోయే మూడు నెలలకు ఒక పని పెట్టుకోమనండి. బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో సెన్సర్‌కీ బోర్డుకీ మధ్య ఒక చిన్న ఫ్లెక్స్ గీసి, ఐదు ముక్కలు చేయించాలి. రెండింటిని 20 మి.మీ. వ్యాసమున్న పైపు ముక్క మీద వెయ్యిసార్లు వంచి, ప్రతి వంద వంపులకూ రెసిస్టెన్స్ రాసుకోవాలి. ఒకదాన్ని కావాలనే పదునుగా మడిచి, ఎక్కడ తెగిందో మైక్రోస్కోప్ కింద ఫొటో తియ్యాలి. మిగిలినవి ప్రాజెక్టుకి. ఈ నాలుగు పేజీల రికార్డు పది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంటే బరువైనది. ఒక హెచ్చరిక: తర్వాత ఈసీజీ కోసం ఏడీ8232 మాడ్యూల్ కొంటే, ఎలక్ట్రోడ్లు ఒంటికి అంటించుకున్నప్పుడు అంతా బ్యాటరీ మీదే నడపాలి. ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌కి కలపకూడదు.

ఈసెట్ రాయించండి. డిప్లొమాతో నేరుగా చేరితే ఎస్ఎంటీ లైన్ (మెషిన్లతో బోర్డు మీద భాగాలు అతికించే చోటు), రీవర్క్ (తప్పిన అతుకుల మరమ్మతు), టెస్టింగ్ పనులు దొరుకుతాయి. బోర్డు డిజైన్, వాలిడేషన్ (డిజైన్ సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించడం) వైపు వెళ్లాలంటే బీటెక్ ఉంటే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా చేరొచ్చు కాబట్టి నష్టపోయేదీ లేదు. బ్రాంచ్ ఈసీఈనే ఉంచుకోమని మా సలహా. బయోమెడికల్ తీసుకున్నవాళ్లు చాలామంది ఆసుపత్రి పరికరాల నిర్వహణ వైపు వెళ్తారు. అది వేరే వృత్తి, మంచిదే, కానీ తను అడుగుతున్నది కాదు. తర్వాత వైద్య పరికరాల వైపు మళ్లాలనుకుంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగమూ ఉంది. శిక్షణకో ఇంటర్న్‌షిప్‌కో అడగాల్సిన చోట్లు విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోని సంస్థలు, హైదరాబాద్‌లో నమూనాలు తయారుచేసుకునే కేంద్రమైన టీ-వర్క్స్, శ్రీసిటీ, తిరుపతి చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు. సోల్డర్ చేసిన బోర్డుల నాణ్యత తనిఖీకి సంబంధించిన ఐపీసీ-ఏ-610 సర్టిఫికెట్ సొంత డబ్బుతో ఇప్పుడే చేయించకండి. దాని గడువు రెండేళ్లే, చాలా కంపెనీలు చేరాక తామే చేయిస్తాయి.

కళ్ల విషయానికి వస్తే, ఈ పని ఉత్త కళ్లతో చేసేది కాదు. రెండు కళ్లతో చూసే స్టీరియో మైక్రోస్కోప్, నీడ పడని రింగ్ లైట్ ఉంటాయి. ఇంట్లో అయితే పది రెట్లు చూపించే లూప్ (చిన్న భూతద్దం) చాలు, ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడాలి. పొగ ఎక్కువగా ఫ్లక్స్‌ది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది చేస్తుంది. అయిరన్ పక్కనే పొగను అవతలికి లాగే చిన్న ఫ్యాన్ పెట్టి, కిటికీ తెరిచి ఉంచాలి. సీసమున్న సోల్డర్‌తో అసలు ప్రమాదం పొగ కంటే చేతుల ద్వారానే. పని బల్ల మీద టీ, బిస్కెట్లు పెట్టుకోవద్దని, లేవగానే సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పండి.