ఊతపదాన్ని అనుకరించడం వేరు, నత్తిని అనుకరించడం వేరు

కామెడీ, కామెంటరీ ఎక్కడిదాకా సరే, ఎక్కడ దాటితే ఒట్టి అవమానం అవుతుంది అని అడిగారు. నేను కాలేజీ రోజుల నుంచి మిమిక్రీ చేస్తున్నాను. ఈ ప్రశ్నకు నా జవాబు నేను చేసిన ఒక తప్పు దగ్గర మొదలవుతుంది.

2003. వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ ఊళ్ళో పెరిగిన పిల్లవాడికి మిమిక్రీ అంటే నేరెళ్ల వేణుమాధవ్ గారే. ఆయన మావాడు అని ఊరంతా చెప్పుకునేది. హాస్టల్ డేకి మిమిక్రీ ఐటమ్ నాకిచ్చారు. రెండు పాత్రలు తయారుచేసుకున్నాను: ఒకటి మా వార్డెన్ సార్, రెండోది మెస్‌లో వడ్డించే అన్న.

వార్డెన్ సార్‌కి ఒక ఊతపదం ఉండేది: "మీ మంచికే చెప్తున్న". నీళ్ళు రాకపోయినా మీ మంచికే, ఫీజు పెంచినా మీ మంచికే. సాంబార్ పలచగా ఎందుకుంటోందో సార్ మాకు వివరిస్తున్నట్టు ఐదు నిమిషాల ఉపన్యాసం చేశాను. ముందు వరసలో కూర్చున్న సార్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ వారమే మెస్ కమిటీ మీటింగ్ పెట్టించారు కూడా.

తర్వాత మెస్ అన్న. ఆయనకు నత్తి. "స" దగ్గర మాట ఆగిపోయేది. అందుకే సాంబార్‌ని ఎప్పుడూ "పులుసు" అనేవాడు. అది మాకు తమాషాగా ఉండేది. చేతిలో గరిటె పట్టుకుని, మెడ నరాలు బిగించి, "సా... సా... పులుసు" అన్నాను. హాలు దద్దరిల్లింది. వార్డెన్ సార్ ఐటమ్‌కు వచ్చిన నవ్వుకన్నా మూడింతలు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్న కూడా నవ్వాడు. నాకది చాలనిపించింది. ఆయనే నవ్వాడు కదా, ఇంకేం?

మర్నాడు మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. అంతకుముందు రోజూ "తమ్మీ, ఇంకింత ఎయ్యాల్నా?" అని అడిగేవాడు. ఆ రోజు ఏమీ అడగలేదు. గరిటె కొంచెం పైకెత్తి నా మొహం చూశాడు. వెయ్యమని తలూపితే వేశాడు. నా ఒక్కడితోనే అనుకున్నాను. కాదు, లైన్లో అందరితోనూ అంతే. నేను ఆ హాస్టల్ వదిలేదాకా ఆయన గరిటెతోనే అడిగాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ నవ్వు గురించి చాలాకాలం ఆలోచించాను. రెండు వందల మంది నవ్వుతున్న చోట, వాళ్ళ ప్లేట్లలో రేపు మళ్ళీ అన్నం వడ్డించాల్సిన మనిషి నవ్వక ఏం చేస్తాడు? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. "వాళ్ళే నవ్వారు కదా" అన్న మాటను అందుకే నేనిప్పుడు సాక్ష్యంగా ఒప్పుకోను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంటర్ కోచింగ్‌కి విజయవాడ వెళ్ళినప్పుడు, నేను "గట్లనా?" అంటే క్లాసు మొత్తం నవ్వేది. అప్పట్లో సినిమాల్లో మా యాస ఎక్కువగా రౌడీకో, పనివాడికో పెట్టేవారు, అది విని అలవాటైన పిల్లలు వాళ్ళు. నేను నెలల తరబడి తరగతిలో నోరు విప్పలేదు. మాట పట్టి నవ్వితే ఎలా ఉంటుందో నాకు అంత బాగా తెలుసు. తెలిసి కూడా స్టేజి మీద చప్పట్లు దొరుకుతాయనేసరికి అదంతా మర్చిపోయాను.

"పులుసు" వెనక ఉన్నదేమిటో పదేళ్ళ తర్వాత మా అక్క కొడుకు వల్ల తెలిసింది. వాడికి నాలుగో ఏట నత్తి మొదలైంది. చిన్నపిల్లల్లో చాలామందికి పెద్దయ్యేసరికి అదే తగ్గిపోతుంది, వాడికి తగ్గలేదు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. నత్తి ఉన్నవాళ్ళు రాబోయే గడ్డు మాటను ముందే పసిగట్టి, దాని బదులు తేలికైన మాట వెతుక్కుంటారని ఆవిడ చెప్పారు. అన్నిటికంటే కష్టమైనది సొంత పేరు, ఎందుకంటే దానికి బదులు మాట లేదు. పాట పాడేటప్పుడు మాత్రం చాలామందికి మాట ఆగదు. ఆవిడ చెబుతుంటే నాకు గరిటె గుర్తొచ్చింది. అన్న సాంబార్‌ని పులుసు అనడం తమాషా కోసం కాదు, అది ఆయన రోజూ కాపాడుకుంటున్న దారి. రెండు వందల మంది ముందు ఆ దారి నేను మూసేశాను.

మిమిక్రీ తెలిసినవాడిగా తేడా ఇలా చెబుతాను. ఊతపదం మనిషి ఎంచుకున్నది. అందులో అతని స్వభావం, అధికారం, డాబు, భయం కనిపిస్తాయి. వార్డెన్ సార్ "మీ మంచికే" అన్నది పట్టుకుంటే ఆయన పని పట్టుబడుతుంది. నత్తిని పట్టుకుంటే ఏం పట్టుబడుతుంది? ఆ మనిషి గురించి వినేవాడికి కొత్తగా ఒక్క విషయం తెలియదు. రంగు, ఎత్తు, బట్టతల, కులం, పిల్లలు లేకపోవడం, అన్నీ ఇంతే. ఐటమ్ అయిపోయాక ఆ మనిషి చేసిన పని గురించి నాకేమైనా తెలిసిందా అని చూసుకోండి. తెలియకపోతే అక్కడ జరిగింది వెక్కిరింత.

రెండో సంగతి, వరస. మన ఇళ్ళల్లో హాస్యానికి వరస ఉంటుంది. బావను మరదలు ఏమన్నా చెల్లుతుంది, ఎందుకంటే బావ తిరిగి అనగలడు. పెళ్ళి భోజనాల దగ్గర వియ్యపురాలి మీద ఎంత ఘాటు పాటలు పాడేవారో మా నాయనమ్మ పాడి వినిపించేది. పిసినారితనం, తిండిపోతుతనం, నగల గొప్పలు, ఏదీ వదిలేవారు కాదు. కానీ అటు పక్షానికీ గొంతులున్నాయి, వాళ్ళూ పాడతారు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చూడండి. పృచ్ఛకుడు అడ్డదిడ్డమైన ప్రశ్నలతో అవధాని ఏకాగ్రత చెడగొట్టాలి, అదే ఆయన పని. అవధాని చమత్కారంగా తిప్పికొట్టాలి. ఇద్దరి చేతుల్లోనూ కత్తి ఉంది కాబట్టే సభ ఆనందిస్తుంది. మా మెస్ అన్నకు నాతో ఏ వరసా లేదు, మైకూ లేదు.

మా మేనల్లుడికి ఇప్పుడు పద్దెనిమిది. ఫోన్లో మాట ఆగినప్పుడు నేను ఎదురుచూస్తుంటాను, వాడే అంటాడు: "సిగ్నల్ ఉంది మామా, నేనే ఆగిన." ఇద్దరం నవ్వుకుంటాం. ఆ మాట వాడిది, వాడు నాతో అంటున్నాడు. అదే మాటను వాడి క్లాసులో ఇంకొకడు వాడి మీద వేస్తే నేను నవ్వను. సుప్రీంకోర్టు కూడా 2024 జులైలో ఒక హిందీ సినిమా కేసులో దాదాపు ఇదే తేడా చూపించింది. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్ళను తక్కువ చేసే హాస్యం వేరు అని చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో, బహిరంగంగా కించపరచాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు ఉంది. అయినా ప్రతి జోకునూ స్టేషన్‌కి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. కేసు భయంతో మూసుకున్న నోరు రేపు మంత్రిని అడగడానికి కూడా తెరుచుకోదు.

నాయకుల విషయంలో నాకు అంత జాలి లేదు. పదవిలో ఉన్నవాళ్ళను గట్టిగానే అనాలి. కార్టూనిస్టు శంకర్‌తో నెహ్రూ "నన్నూ వదలొద్దు" అన్నారని చెప్పుకుంటారు, శంకర్ వదల్లేదు కూడా. వేసిన రోడ్డు మొదటి వానకే కొట్టుకుపోతే ఆ రోడ్డు మీద ఎంత నవ్వినా తక్కువే. కానీ మన దగ్గర రోడ్డు ప్రస్తావన రెండు నిమిషాల్లో ముగుస్తుంది, తర్వాత అరగంట ఆ నాయకుడి భార్య మీద, కూతురి మీద, నడక మీద. రోడ్డు వేసినవాడికి దీనికంటే కావలసిందేముంది? అసలు ప్రశ్న తప్పిపోయింది.

అన్నీ ఇంత తేలికగా తేలవు, అదీ ఒప్పుకోవాలి. 1949లో ఇదే శంకర్ ఒక కార్టూన్ వేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కొరడాతో కూర్చున్నారు, వెనక నెహ్రూ చేతిలోనూ కొరడా. పని నత్తనడక నడుస్తోందన్నది విమర్శ. అది పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో ఉందని 2012లో పార్లమెంటులో గొడవ జరిగి, తీసేశారు. శంకర్ గురి ఆలస్యం మీదే అని నా నమ్మకం, దాన్ని అవమానం అనను. అయితే అంబేద్కర్ వెనక కొరడా పట్టుకున్న నెహ్రూ బొమ్మను తరగతిలో చూసిన దళిత పిల్లవాడికి కడుపులో తిప్పినట్టయితే, నీకు హాస్యం తెలియదని వాడితో నేను అనలేను. అనేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, కాలనీ ఫంక్షన్లలో మిమిక్రీ చేస్తాను. "అన్నా, ఆ నత్తి ఐటమ్ చెయ్" అని పాత స్నేహితులు ఇప్పటికీ అడుగుతారు. చేయనని చెప్పి, ఎందుకో కూడా చెబుతాను. కొందరు మొహం ముడుచుకుంటారు.

ఐదేళ్ళ క్రితం ఆ హాస్టల్‌కి వెళ్ళాను, అన్నను కలిసి క్షమించమని అడుగుదామని. మెస్ కాంట్రాక్టు ఎప్పుడో మారిపోయిందట. ఏ ఊరాయనది అని ఆఫీసులో అడిగారు. మూడేళ్ళు ఆయన చేతి అన్నం తిన్నాను, ఆయన ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ చేసి చూపించగలను. ఊరు మాత్రం నేనెప్పుడూ అడగలేదు.